నారపగారి ఎఫ్సీ

నారపగారికి ఒకటే జబ్బు. మా మ్యూజియం గోడకు బొమ్మ తగిలిస్తే అందులో తప్పు పట్టించాలి. తానే పడితే పది నిమిషాల్లో అయిపోయేది. ఆయన పట్టరు. పట్టేవాళ్ళను ఊళ్ళ మీద పడి వెతికి, ఆటోలో కూర్చోబెట్టుకుని తెస్తారు. గొర్రెల బొమ్మ వస్తే గొర్రెలు కాసే మనిషి రావాలి. వరినాట్ల బొమ్మ వస్తే నాట్లు వేసే మనిషి రావాలి. ఆ మనిషి బొమ్మ ముందు కూర్చుని, చూసి, తప్పు చెప్పి, టీ తాగి వెళ్ళేదాకా ప్రదర్శనకు తలుపులు తెరవరు.

దీనికి ఆయన పెట్టిన పేరు ఎఫ్సీ.

నారపగారు ముప్పై ఏళ్ళు లారీలు తిప్పిన మనిషి. లారీకి ఏటా ఎఫ్సీ చేయించాలి. బ్రేకు పడుతోందా, హారన్ మోగుతోందా, లైట్లు వెలుగుతున్నాయా అని చూసి, ఈ బండిని రోడ్డు మీదికి వదలొచ్చు అని కాగితం ఇస్తారు. ఇనుప ఖనిజం గనులు ఆగిపోయిన రోజుల్లో ఆయన లారీలన్నీ అమ్మేశారు. అలవాటు మాత్రం అమ్ముడుపోలేదు. బళ్ళారి సత్యనారాయణపేటలో మా మ్యూజియానికి గౌరవ కార్యదర్శిగా వచ్చినప్పుడు దాన్నీ వెంట తెచ్చుకున్నారు. దాంతోపాటు తన ఆఖరి లారీ డ్రైవరు సీటు కూడా తెచ్చి, చెక్క కాళ్ళు బిగించి, హాల్లో వేశారు. ఎఫ్సీకి వచ్చినవాళ్ళు అందులోనే కూర్చోవాలి. వేరే కుర్చీలో కూర్చుని పట్టిన తప్పు చెల్లదు.

మా మ్యూజియం ఇద్దరు పళ్ళ డాక్టర్ల బోర్డుల మధ్య ఉంటుంది. పంటి నొప్పితో దారి తప్పి వచ్చినవాళ్ళను కూడా మేం సందర్శకుల లెక్కలోనే వేసుకుంటాం. ఒకప్పుడు పత్తి వ్యాపారి ఇల్లు. ఆయన కోడలు యశోదమ్మగారు ట్రస్టుకు అధ్యక్షురాలు. మొదటి హాల్లో నాలుగు విరిగిన శిల్పాలు, పత్తి తూచిన తక్కెడలు, ఒక ఏనుగు గంట. రెండో హాలు బొమ్మల ప్రదర్శనలకు. ఏడాదికి ఆరు. జనవరిలో ఆరింటికీ కలిపి ఒక కార్డు అచ్చు వేయిస్తాం. అందులో ప్రారంభం, ముగింపు అని ఉండవు. ‘బయలుదేరు తేదీ’, ‘చేరు తేదీ’ అని ఉంటాయి. కార్డు రాసింది నారపగారే అని వేరే చెప్పక్కర్లేదు.

ఆ మ్యూజియానికి ఉన్న ఒక్క ఉద్యోగిని నేను. టికెట్లు చింపుతాను, బొమ్మల కింద చీటీలు రాస్తాను, పావురాలను తోలుతాను.

పదకొండేళ్ళ కిందట ఈ ఉద్యోగం కోసం వచ్చాను. అంతకు ముందు మూడు ఇంటర్వ్యూలకు వెళ్తే ‘రజని’ అన్న నా పేరు తప్ప నా నోట్లోంచి ఇంకేమీ రాలేదు. నాలుగోదాంట్లో అది కూడా వచ్చేట్టు లేదు. నారపగారు నావైపు చూడకుండా కాగితాలు తిరగేస్తున్నారు. ఆయన వెనక గోడమీద పాత బళ్ళారి జిల్లా మ్యాపు ఉంది. తలకిందులుగా ఉంది. ఐదు నిమిషాలు ఓర్చుకున్నాను.

“సార్, ఆ మ్యాపు తలకిందులుగా ఉండాది.”

“ఔనా? యాడ?”

లేచి వెళ్ళి చూపించాను. మా కురుగోడు యాడుండాల్సింది యాడుందో చెప్పాను. కాలవ ఎటు నుంచి వస్తుందో, బస్సు ఎటు తిరుగుతుందో, ఆ బస్సు ఏ మలుపులో ఆగిపోతుందో చెప్పాను. అరగంట మాట్లాడానని గడియారం చూశాక తెలిసింది.

“రేపట్నుంచి రామ్మా,” అన్నారు.

వచ్చాను. మ్యాపు మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. గుర్తుచేస్తే “చూస్తాంలే రజనమ్మా” అంటారు. ఊరందరి బొమ్మల్లో తప్పులు పట్టించే మనిషి, తన వీపు వెనక మ్యాపును పదకొండేళ్ళుగా సరిచేసుకోలేదు. మా పేటలో అందరూ చెప్పుకుని నవ్వే విషయం ఇది.

నేను చూసిన మొదటి ఎఫ్సీ దేవప్పది. ఐదు వందల గొర్రెల మనిషి. నారపగారు ఆయన్ని కంబళితో సహా ఆటోలోంచి దింపారు.

“నాకు బొమ్మల సంగతి ఏం తెలుసప్పా?” అన్నాడు దేవప్ప గుమ్మం దగ్గరే ఆగి.

“బొమ్మల సంగతి నిన్ను ఎవురు అడిగినారు? గొర్రెల సంగతి చెప్పు.”

దేవప్ప సీట్లో కూర్చున్నాడు. నారపగారు టార్చి వేసి పట్టుకున్నారు. పట్టపగలు, పైన ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. అయినా టార్చి లేకుండా ఎఫ్సీ జరగదు.

“ఇది యా పొద్దు?” అని అడిగాడు దేవప్ప.

“మిట్టమధ్యాన్నం. పేరే అది.”

దేవప్ప పడీ పడీ నవ్వాడు. “మిట్టమధ్యాన్నం గొర్రె తలెత్తి దిక్కులు చూస్తాదా అన్నా? ఎండకు తల తీసుకపోయి పక్కదాని కడుపు కింద పెడ్తాది. మందంతా ఒక ముద్ద. ఇవి చూడు, ఫొటోకు నిలబడినట్లు నిలబడినాయి!”

తర్వాత ముప్పావు గంట గొర్రె నీడ వెతుక్కునే తీరు చెప్పాడు. చెప్తూ చెప్తూ లేచి మిగతా బొమ్మలూ చూశాడు. వెళ్ళాక నారపగారు నాతో చీటీ రాయించారు. మొదటి వరుసలో బొమ్మ పేరు, రెండో వరుసలో వేసినవారి పేరు, మూడో వరుసలో అంతే పెద్ద అక్షరాలతో: ‘తప్పు పట్టినవారు: దేవప్ప, గొర్రెల కాపరి.’

బొమ్మ వేసినాయన అది చదివి చిరునవ్వు నవ్వి ఊరుకున్నాడు. నాకు అంతుబట్టలేదు. తర్వాత వచ్చిన చిత్రకారులు కూడా అంతే. తమ తప్పును చీటీ మీద బాహాటంగా రాసిపెడుతుంటే ఒక్కరూ కోప్పడరు. ఇంత ఓర్పు గల జాతి ఇంకొకటి లేదనుకున్నాను.

తర్వాతి వారం దేవప్ప పదకొండు మందిని తీసుకొచ్చాడు. బొమ్మ చూపించడానికి కాదు, చీటీ చూపించడానికి.

వ్యవసాయపు బొమ్మలన్నింటికీ ఎఫ్సీ అధికారి కురుగోడు హనుమమ్మ. నాట్లు వేస్తుంది, మిరపకాయలు ఏరుతుంది, పత్తి తీస్తుంది. మొదటిసారి నాట్ల బొమ్మకు వచ్చింది. గేటు దగ్గరే చెప్పులు విప్పి, వాటిని చేతిలో పట్టుకుని నిలబడింది. సీట్లో కూర్చోబెట్టేసరికి నారపగారికి చెమట పట్టింది. కూర్చున్నాక మాత్రం బొమ్మకే చెమట పట్టించింది.

“వీళ్ళేందన్నా ముందరికి నడుస్తాండారు? నాటేటోళ్ళు ఎనక్కి నడుస్తారు. ముందరికి నడిస్తే నాటిందంతా కాళ్ళ కిందే పోతాది.”

“సరే. రాసుకో రజనమ్మా.”

“ఆగండి, ఇంకా ఉండాది. చీర కుచ్చెళ్ళు బురదలో ఉండాయి. ఎగ్గట్టుకోకుండా మడిలోకి దిగేది ఎవురు, పెండ్లికూతురా?”

“రెండు.”

“నోర్లు చూడండి. పదిమంది ఆడోళ్ళు నాట్లేస్తా నోరు మూసుకోని ఉండారు! యా దేశంలో జరిగింది ఇది?”

మూడూ రాశాను. చీటీ సరిపోక వెనక్కి తిప్పి రాశాను.

లారీ బొమ్మ వచ్చినప్పుడు మాత్రం నారపగారు తానే సీట్లో కూర్చుని చక్రానికి పది నట్లు ఉండాల్సింది తొమ్మిదే ఉన్నాయని తేల్చి, ఆ బొమ్మను రెండు రోజులు గోడకు తగిలించనివ్వలేదు. ‘మనుషులు చస్తారప్పా’ అన్నారు. తోరణగల్లు ఉక్కు కంపెనీ బస్సు బొమ్మకు నైట్ షిఫ్టు దిగి వచ్చిన ముగ్గురిని పిలిచారు. “పొద్దున ఆరు గంటల బస్సులో కిటికీలోంచి చూసేవాడు ఒక్కడుండడు సార్, అందరూ నిద్రే” అని తప్పు చెప్పి, చెప్పిన ఒకాయన ఆ సీట్లోనే గురక పెట్టాడు. సాక్ష్యంగా అలాగే వదిలేశాం.

అన్నింటికంటే కష్టమైన ఎఫ్సీ ఎర్ర బొమ్మది. బెంగళూరు నుంచి ఒకాయన తెచ్చాడు. ఇంత పెద్ద గుడ్డ, అంతా ఎరుపే, పేరు ‘మౌనం’. దీనికి ఎవరిని పిలుస్తారో చూద్దామని నేను లోలోపల సంబరపడ్డాను. నారపగారు టిప్పరు డ్రైవరు హొన్నూరప్పను తెచ్చారు.

హొన్నూరప్ప చాలాసేపు చూశాడు. “ఇది మన గని దుమ్మే అన్నా. రంగు బాగా పట్టినాడు. పేరేంది?”

“మౌనం.”

“ఏందీ? ఇంత దుమ్ము లేసిందంటే ఎనకాల నలభై బండ్లు హారన్ కొడ్తాంటాయి. మౌనం యాడుండాది? చెవులు పోతాయి!”

బెంగళూరాయన ఆ మాట తన పుస్తకంలో రాసుకుని, హొన్నూరప్పకు నమస్కారం పెట్టాడు. చిత్రకారుల ఓర్పు మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఈ ఏడు మాత్రం ఒక చిత్రకారుడి ఓర్పు తెగింది. వివేక్ అని మా పేట కుర్రవాడే, బెంగళూరులో చదివి వచ్చాడు. కార్డులో రెండో ప్రదర్శన అతనిది, మిరపకాయల కళ్ళాల మీద పన్నెండు బొమ్మలు. ఫిబ్రవరిలో అతను యశోదమ్మగారికి ఉత్తరం రాశాడు. ‘నా బొమ్మల్లో తప్పుల గురించి నారపగారు పెడుతున్న పోరు పడలేను. నా పని మీద నాకు గౌరవం ఉంది.’

యశోదమ్మగారు ఉత్తరం పట్టుకుని కారు దిగారు. ఆమె ప్రదర్శన మొదలైనప్పుడు దీపం వెలిగించడానికి తప్ప రారు. దీపం అంటుకున్నాక ఉండరు.

“ఏం నారపా, బొమ్మలేసే పిల్లోళ్ళ మీద పడి ఏంది ఈ ఎఫ్సీ? ఇదేమన్నా ఆర్టీఓ ఆఫీసా?”

“కాదమ్మా.”

“ఈ తూరి ఎఫ్సీ లేదు. దోవన పోయేవాళ్ళను పిల్చకొచ్చేది లేదు. ఇంకొక్క కంప్లయింట్ వచ్చిందంటే ఇదే ఆఖరి కార్డు. కంప్యూటర్ క్లాసులోళ్ళు హాలు అడుగుతాండారు. ఇచ్చేస్తా.”

“ఆయ్తమ్మా.”

సరేనని, అంతే అన్నారు. నేను పెద్ద యుద్ధం జరుగుతుందనుకుని టికెట్ల డబ్బా కూడా పక్కకు పెట్టాను. నారపగారు హాల్లోకి వెళ్ళి లారీ సీటు మీద దుప్పటి కప్పి వచ్చారు. ఆఫీసులో కూర్చుని కార్డు తీసి, మిగిలిన నాలుగు ప్రదర్శనల తేదీల మీద వేలు జరుపుతూ ఉన్నారు. మ్యాపు ఆయన వెనక తలకిందులుగా వేలాడుతోంది. అది సరిచేస్తానందామనుకున్నాను, ఆ రోజు నోరు రాలేదు.

మార్చిలో వివేక్ ప్రదర్శన బయలుదేరింది. పదిహేను మంది వచ్చారు. అందులో ఎనిమిది మంది వివేక్ బంధువులు. అతని తల్లి బుట్టెడు మిరపకాయ బజ్జీలు పంపింది. వచ్చినవాళ్ళు బొమ్మల దగ్గర కంటే బజ్జీల దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు. ‘బాగుండాది’, ‘చాలా బాగుండాది’ అన్నారు. ఇరవై నిమిషాల్లో హాలు ఖాళీ అయింది. నారపగారు మూల నిలబడి, వచ్చినవాళ్ళకు నీళ్ళ గ్లాసులు అందించారు. టార్చి జేబులోనే ఉంది.

దీపం వెలిగించి, ఆ రోజు బజ్జీల కోసం ఆగిన యశోదమ్మగారు కారు వైపు నడుస్తూ గేటు దగ్గర ఆగారు. అక్కడ ఒక ఆడమనిషి చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

“ఎవురు నువ్వు?”

“ఎఫ్సీ హనుమమ్మను అమ్మా, కురుగోడు నుంచి. మిరపకాయల బొమ్మలు అని కార్డులో ఉండాదంట. నాకు పిలుపు రాలేదు. నా పని తీసేసినారేమో, కనుక్కోని పోదామని వచ్చినా.”

యశోదమ్మగారు ఇబ్బందిగా కదిలారు. “దాందేముంది, వచ్చినావు కదా. లోపలికి పోయి చూసి పో.”

“వద్దులేమ్మా.”

“ఏం?”

“పని లేకుండా యాడికి పొయ్యేది? సుమ్నే, ఊరికే నిలబడి చూసేకి మాకేం తెలుస్తాది? అది సదువుకున్నోళ్ళు చూసేది.”

“పిలుస్తాండా కదా, రా.”

“లేదమ్మా. నాలుగు గంటల బస్సుండాది.”

యశోదమ్మగారు వెనక్కి తిరిగారు. మెట్ల మీద నారపగారు, నేను, వివేక్ నిలబడి ఉన్నాం.

“నారపా, నువ్వు పిలువు.”

“మీరే వద్దన్నిరి కదమ్మా,” అన్నారు నారపగారు చాలా వినయంగా. ఆ వినయం నాకు కొత్త.

యశోదమ్మగారు ఒక్క క్షణం పళ్ళు కొరికారు. తర్వాత హనుమమ్మతో అన్నారు: “సరే. ఏమన్నా తప్పుండాదేమో చూసి చెప్పి పో.”

హనుమమ్మ చెప్పులు గోడ పక్కన పెట్టి, కొంగు బిగించి, మా అందరికంటే ముందు నడిచి హాల్లోకి వెళ్ళిపోయింది.

మూడో బొమ్మ ముందు ఆగింది. కళ్ళం నిండా ఎర్రగా ఎండు మిరపకాయలు, రాశి ముందు వరుసగా కూర్చుని ఏరుతున్న ఆడవాళ్ళు, గాలికి వాళ్ళ కొంగులు వెనక్కి రెపరెపలాడుతున్నాయి. అందరూ బాగుందని ఫొటో తీసుకున్నది దాన్నే.

“కొంగులు ఎనక్కి ఎగురుతాండాయి,” అంది హనుమమ్మ.

“అవును, అందం...” అన్నాడు వివేక్.

“అంటే గాలి ముందర నుంచి వస్తాంది. రాశి కూడా ముందరే ఉండాది. ఘాటంతా వీళ్ళ మొగాన్నే కొడ్తాది. మిరపకాయలు ఏరేటోళ్ళు గాలికి వీపు పెట్టి కూచుంటారు నాయినా. కొంగులు ముందరికి ఎగరాల. ఇట్ల కూచుంటే సాయంత్రానికి కండ్లు పోతాయి.”

వివేక్ బొమ్మ దగ్గరికి వెళ్ళి చూశాడు. వెనక్కి వచ్చి చూశాడు. ముఖం మిరపకాయ రంగుకు వచ్చింది.

“నేను పెట్టలేదు!” అన్నాడు. “అమ్మా, నిజంగా నేను పెట్టలేదు!”

“ఏం పెట్టలేదు?” అన్నారు యశోదమ్మగారు.

“తప్పు! ఒక్క తప్పు పెట్టప్పా, ఒకే ఒకటి, యాడో ఒక మూల పెట్టు అని నారపన్న రోజూ ఫోన్. నేను పెట్టను అన్నాను. దానికే కదా మీకు కంప్లయింట్ రాసింది!”

అందరం నారపగారి వైపు చూశాం. ఆయన పైకప్పు వైపు చూస్తున్నారు.

తలెత్తిన గొర్రెలు, ముందుకు నడిచిన నాట్ల ఆడవాళ్ళు, తొమ్మిది నట్ల చక్రం, మెలకువగా ఉన్న బస్సు వరుసగా నా కళ్ళముందు తిరిగాయి. చిత్రకారుల ఓర్పు సంగతి అప్పుడు అర్థమైంది.

“మరి ఆ ఎర్ర బొమ్మ?” అన్నాను ఉండబట్టలేక.

“ఆయప్పకు యాడ తప్పు పెట్టాల్నో తెలీలేదు,” అన్నారు నారపగారు మెల్లగా. “పేరులో పెట్టినాడు.”

“యాల నారపా?” అన్నారు యశోదమ్మగారు. “తప్పులు పెట్టించి, మళ్ళా పట్టించేకి మనుషుల్ను తెచ్చి... ఏంది ఇదంతా?”

నారపగారు గేటు వైపు చూపించారు. “ఇప్పుడు చూసినారు కదమ్మా. బొమ్మలు చూడు రా అంటే రారు. ఒకవేళ వచ్చినా, బాగుందా అంటే బాగుండాది అని చెప్పులేసుకుంటారు. తప్పుండాది, నువ్వే చెప్పాల అంటే కూచుంటారు. ఊరికే కూచోమంటే ఎవురు కూచుంటారు?”

యశోదమ్మగారు గేటు వైపు తిరిగి చూశారు. నాకు మాత్రం హనుమమ్మ వైపు చూడాలంటే భయం వేసింది. ఇన్నేళ్ళ ఆమె ఉద్యోగం ఒక నాటకమని ఇప్పుడే తన చెవులతో విన్నది.

“అన్నా,” అంది హనుమమ్మ. “నాట్ల బొమ్మలో తప్పు మీరు పెట్టిచ్చిందేనా?”

నారపగారు మొదటిసారి తడబడ్డారు. “ఔ... హనుమక్కా.”

“ఎన్ని పెట్టిచ్చినారు?”

“ఒకటే. ముందరికి నడిచేది.”

“నేను మూడు చెప్పింటి,” అంది హనుమమ్మ.

మొదట నవ్వింది యశోదమ్మగారు. ఆమె నవ్వగా అంతవరకూ నేను చూడలేదు. పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత మూలనున్న సీటు చూపించి, “నారపా, ఆ దుప్పటి తియ్యి” అన్నారు.

హనుమమ్మ సీట్లో కూర్చుంది. టార్చి వెలిగింది. వివేక్ నోటుపుస్తకం తీసుకుని ఆమె పక్కన నేల మీద చతికిలబడ్డాడు. యశోదమ్మగారు బజ్జీల బుట్ట ఇద్దరి మధ్యకు జరిపారు. పన్నెండు బొమ్మల్లో మొత్తం ఏడు తేలాయి. ఏడోది యశోదమ్మగారే పట్టారు. మిరపకాయల బస్తా మూతి కుట్టు తీరు అది కాదట. అసలు కుట్టు పెళ్ళికి ముందు ఆమె పుట్టింట్లో చూసిందట. అది ఎవరు నేర్పారో చెప్తూ కూర్చున్నారు. హనుమమ్మ నాలుగు గంటల బస్సు పోయింది, ఐదు గంటలదీ పోయింది. ఆరు గంటలకు యశోదమ్మగారి కారులో కురుగోడు వెళ్ళింది. కారులో కూడా తప్పులు పట్టిందని డ్రైవరు తర్వాత చెప్పాడు.

మరునాడు మూడో బొమ్మకు చీటీ రాస్తుంటే వివేక్ వచ్చి ఒక వరుస చేర్చమన్నాడు. చేర్చాను: ‘తప్పు పట్టినవారు: హనుమమ్మ, కురుగోడు. ఇది పెట్టిన తప్పు కాదు, సొంత తప్పు.’ ఆ వారం హనుమమ్మ రెండు ట్రాక్టర్ల జనాన్ని తెచ్చింది. పళ్ళ డాక్టర్లు ఇద్దరూ బయటికి వచ్చి చూశారు. కంప్యూటర్ క్లాసులవాళ్ళు వేరే హాలు వెతుక్కున్నారు.

తర్వాతి సోమవారం గౌతమి అని ఒక అమ్మాయి వచ్చింది. తోరణగల్లు నుంచి, చంకలో బొమ్మల చుట్ట. వచ్చే ఏడాది కార్డులో చోటు అడగడానికట. అది కూడా ఆమె చెప్పలేదు, తెచ్చిన కాగితంలో ఉంది. కుర్చీ అంచున కూర్చుని నేల వైపు చూస్తోంది. పేరు అడిగితే పెదవులు కదిలాయి, మాట రాలేదు.

నారపగారు ఆమె వైపు చూడకుండా కాగితాలు తిరగేస్తున్నారు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. నేను తలుపు దగ్గర చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

గౌతమి మెల్లగా తలెత్తింది. ఆయన వెనక గోడ వైపు చూసింది. తల కొంచెం పక్కకు వంచింది. ఇంకొంచెం వంచింది.

“సార్... ఆ మ్యాపు...”

“ఔనా?” అన్నారు నారపగారు, జీవితంలో మొదటిసారి విన్నట్టు. “యాడ?”

నేను టీ చెప్పడానికి వెళ్ళాను. అరగంట పడుతుందని తెలుసు కాబట్టి, పెద్ద గ్లాసుల్లోనే చెప్పాను.